బొటనవేలి కింద ఆరు మోటార్లు

మందు కొట్టే డ్రోనుకు మామూలుగా ఆరు మోటార్లు, ఆరు రెక్కలు ఉంటాయి. దాన్ని ఎగరేసే రిమోటు మీద స్టిక్కులు రెండే. ఎడమ స్టిక్కును బొటనవేలితో కాస్త పైకి తోస్తే, గట్టు మీద కూర్చున్న పాతిక కిలోల యంత్రం మడిలో నీళ్లను చెదరగొడుతూ లేస్తుంది. కుడి స్టిక్కును ముందుకు వంచితే చేను మీదుగా సాగుతుంది. వేళ్లు తీసేస్తే ఉన్నచోటనే గాలిలో నిలబడుతుంది. చేతి కదలికతో మోటారు వేగాన్ని అదుపు చేసే ఈ విద్య నూరేళ్లకు పైబడినది. ట్రాముల్లో, లిఫ్టుల్లో, రేవుల్లోని క్రేన్లలో, నడవలేనివారి బ్యాటరీ కుర్చీల్లో అది ఎప్పటినుంచో ఉంది. అవనిగడ్డ, కోడూరు, నాగాయలంక, ఘంటసాల, మోపిదేవి పొలాల్లో రైతు కళ్లముందు అది పనిచేస్తున్నది మాత్రం ఇప్పుడు డ్రోను రిమోటులోనే.

పులిగడ్డ దగ్గర కృష్ణ రెండు పాయలవుతుంది. ఆ పాయల నడుమ, హంసలదీవి దగ్గర సముద్రం దాకా పరుచుకున్న నేల దివిసీమ. కాలువ నీళ్లు పులిగడ్డ అక్విడక్టు మీదుగా నది పాయను దాటి ఇక్కడి చేలకు చేరతాయి. సార్వాలో వరి, వరి కోతకు కొద్దిరోజుల ముందు నిలబడి ఉన్న చేలోనే చల్లే మినుము ఇక్కడి పంటల వరుస. బాపట్లలో పుట్టి 1986లో విడుదలైన బీపీటీ 5204, అంటే సాంబ మసూరి, తినడానికి ఎంత పేరున్న బియ్యమో పురుగుకూ తెగులుకూ అంత సులువుగా లొంగే రకం. సుడిదోమ దుబ్బు మొదట్లో, నీటి మట్టానికి కాస్త పైన గుంపుగా చేరి రసం పీలుస్తుంది. దాన్ని అణచాలంటే మందు ఆకుల మీద కాదు, మొదళ్ల దాకా దిగాలి. వీపున పదహారు లీటర్ల ట్యాంకు తగిలించుకుని మోకాలి లోతు బురదలో ఎకరం చేను తిరగడం ఎంత కష్టమో, ఆ తుంపరను పీలుస్తూ తిరగడం ఆరోగ్యానికి ఎంత చేటో ఈ ప్రాంతంలో ఎవరికీ చెప్పనక్కర్లేదు. చేతి పంపుతో అయితే ఎకరానికి 150 నుంచి 200 లీటర్ల నీళ్లు కావాలి. డ్రోనుకు 10 లీటర్ల చొప్పున సరిపోతాయి. పది నిమిషాల లోపే ఎకరం పూర్తవుతుంది, మనిషి గట్టు దిగనక్కర్లేదు.

ఆ పది నిమిషాల్లో మనిషి చేసే పని రెండు బొటనవేళ్లతోనే జరుగుతుంది. ఆ వేళ్ల కదలిక మోటారు దాకా ఎలా వెళుతుందన్నదే ఇక్కడ అసలు సంగతి.

స్టిక్కు లోపల

జాయ్‌స్టిక్ లోపల మోటారును నేరుగా తాకేదేమీ ఉండదు. అందులో ఉండేవి కోణాన్ని కొలిచే సాధనాలు. పాతకాలపు రేడియోలో శబ్దం పెంచే బిరడా ఎలా పనిచేస్తుందో స్టిక్కు కూడా అలానే పనిచేస్తుంది. అర్ధచంద్రాకారంలో కార్బన్ పూత, దాని మీద జారే లోహపు నాలుక, మూడు తీగలు ఉంటాయి. రెండు కొసల మధ్య 5 వోల్టులు ఇస్తే, స్టిక్కు నడుమ ఉన్నప్పుడు నాలుక దగ్గర సుమారు 2.5 వోల్టులు వస్తాయి. ఒక వైపు వంచితే ఆ వోల్టేజి 5 వైపు పెరుగుతుంది, రెండో వైపు వంచితే సున్నా వైపు తగ్గుతుంది. ఒక్కో స్టిక్కు కింద ఇలాంటివి రెండు, ఒకదానికొకటి అడ్డంగా అమర్చి ఉంటాయి. ఒకటి పైకీ కిందికీ జరిగే కదలికను కొలుస్తుంది, మరొకటి పక్కలకు జరిగే కదలికను. రెండు స్టిక్కులు కలిసి నాలుగు కొలతలు ఇస్తాయి. డ్రోనును ఎటు కావాలంటే అటు తిప్పడానికి ఆ నాలుగూ చాలు.

ఆ వోల్టేజిని రిమోటులోని చిప్పు అంకెగా మార్చుకుంటుంది. కాలేజీ ప్రాజెక్టుల్లో విద్యార్థులు వాడే ఆర్డుయినో ఊనో బోర్డు 0 నుంచి 5 వోల్టుల వరకు ఉన్న దూరాన్ని 1,024 మెట్లుగా విడగొట్టి, 0 నుంచి 1023 దాకా ఏదో ఒక అంకె చెబుతుంది. లెక్క ప్రకారం స్టిక్కు మధ్యలో ఉంటే 512 రావాలి. ఏ స్టిక్కూ అంత కచ్చితంగా ఉండదు. ఒకటి 505 చూపిస్తే మరొకటి 520 చూపిస్తుంది. చేయి తీసిన ప్రతిసారీ అదే అంకె దగ్గర ఆగుతుందన్న హామీ కూడా లేదు. ఆ చిన్న తేడాను అలాగే మోటారుకు పంపితే, ఎవరూ ముట్టుకోకుండానే యంత్రం మెల్లగా పక్కకు జరుగుతుంది. అందుకే నడుమ కొంత మేరను చచ్చుచోటుగా వదిలేస్తారు. దీన్నే డెడ్ జోన్ అంటారు. 490 నుంచి 535 దాకా ఏ అంకె వచ్చినా కదలిక లేనట్టే లెక్క. ఈ మేర మరీ ఇరుగ్గా ఉంటే యంత్రం దానంతట అది కదులుతుంది, మరీ వెడల్పైతే వేలు ఎంత జరిపినా స్పందన రాక, వచ్చినప్పుడు ఒక్కసారిగా వస్తుంది. కొత్త రిమోటును కొసల దాకా తిప్పి, నడుమకు వదిలి, ఆ మూడు హద్దులనూ చిప్పుకు గుర్తు చేయించడాన్ని క్యాలిబ్రేషన్ అంటారు. ఎగరడానికి ముందు చేసే పనుల్లో దీనికి ఇవ్వాల్సినంత విలువ చాలామంది ఇవ్వరు.

కొలతను తిన్నగా వాడుకోకపోవడం మరో మెలకువ. నడుమ దగ్గర స్టిక్కును ఎంత జరిపినా స్పందన నెమ్మదిగా, కొసల దగ్గర మాత్రం చురుగ్గా ఉండేలా అంకెలను వంపు గీత మీద సర్దుతారు. పైలట్లు దీన్ని ఎక్స్‌పో అంటారు. చేను మీద నిలకడగా సాగేటప్పుడు వేలి వణుకు యంత్రానికి అందదు. తాటిచెట్టు ఎదురైనప్పుడు స్టిక్కును పూర్తిగా లాగితే బలమంతా వస్తుంది.

కార్బన్ పూత కాలంతోపాటు అరుగుతుంది. దాని మీద దుమ్ము, ఉప్పుగాలి తేమ చేరితే అంకెలు గంతులు వేస్తాయి. అందుకే కొంచెం ఖరీదైన రిమోట్లలో నాలుకా పూతా ఉండవు. స్టిక్కు మొదట్లో చిన్న అయస్కాంతం, దాని ఎదురుగా హాల్ సెన్సరు ఉంటాయి. అయస్కాంతం ఎంత తిరిగిందో సెన్సరు తాకకుండానే పసిగడుతుంది, కాబట్టి అరిగేది ఏమీ లేదు. సముద్రానికి ఇంత దగ్గరగా పనిచేసే రిమోటుకు ఇదే తగినది. ధర చూసి వెనకాడాల్సిన చోటు ఇది కాదు.

ట్రాము నుంచి డ్రోను దాకా

మోటారు వేగాన్ని ఒక్క పిడితో నున్నగా మార్చే పద్ధతికి అమెరికా ఇంజినీరు హ్యారీ వార్డ్ లియొనార్డ్ 1891లో పేటెంటు తీసుకున్నాడు. ఒక జనరేటరు అయస్కాంత బలాన్ని చిన్న పిడితో మారుస్తూ, దాని కరెంటుతో నడిచే పెద్ద మోటారును సున్నా నుంచి పూర్తి వేగం దాకా, వెనక్కి కూడా తిప్పడం ఆ పద్ధతి. లిఫ్టులూ గని యంత్రాలూ దశాబ్దాల పాటు దాని మీదే నడిచాయి. దేశంలో మొదటి కరెంటు ట్రాము 1895లో తెలుగువాళ్లకు అప్పటి రాజధాని అయిన మద్రాసులోనే కదిలింది, 1953 దాకా తిరిగింది. ట్రాము డ్రైవరు చేతి కింద ఉండే ఇత్తడి పిడి ఒక్కో మెట్టు జరిగేకొద్దీ నిరోధకాలను తప్పిస్తూ మోటారుకు ఎక్కువ కరెంటు అందించేది. ఆ నిరోధకాల్లో వేడిగా పోయిన కరెంటు వృథానే. తీగ లేకుండా దూరం నుంచి యంత్రాన్ని నడిపించవచ్చని నికొలా టెస్లా 1898లో న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో చిన్న పడవతో చూపించాడు. నడవలేని సైనికుల కోసం 1950ల్లో కెనడా ఇంజినీరు జార్జ్ క్లైన్ బృందం రూపొందించిన కరెంటు కుర్చీలో చిన్న స్టిక్కుతో వేగాన్నీ దిశనూ అదుపు చేశారు. బొటనవేలితో నడిచే ఇవాళ్టి రిమోటు ఈ వరసలో చివరిది.

కరెంటును తెగ్గొట్టి ఇవ్వడం

మెట్లూ నిరోధకాలూ పోయి, వాటి చోటును ట్రాన్సిస్టరు స్విచ్చులు తీసుకున్నాయి. స్విచ్చు పూర్తిగా మూసి ఉన్నా, పూర్తిగా తెరిచి ఉన్నా దానిలో వేడి పెద్దగా పుట్టదు. సగంలో పెడితేనే కాలుతుంది. అందుకని కరెంటును తగ్గించి ఇవ్వడం మానేసి, సెకనుకు వందలసార్లు వేస్తూ తీస్తూ ఉంటారు. వేసి ఉంచిన సమయం ఎంత భాగమైతే మోటారుకు సగటున అంత వోల్టేజి అందుతుంది. పల్స్ విడ్త్ మాడ్యులేషన్ అనే ఈ పద్ధతిని డెల్టా రైతుకు చెప్పాలంటే వంతుల వారీ నీళ్లు చాలు. కాలువను సగానికి తెరిచి నెలంతా ఉంచరు. కొన్ని రోజులు నిండుగా వదిలి, కొన్ని రోజులు పూర్తిగా కడతారు. నేల తేమను పట్టి ఉంచుతుంది కాబట్టి పైరుకు ఆ తేడా తెలియదు. మోటారులోని తీగ చుట్లు కరెంటును అలాగే పట్టి ఉంచుతాయి, రెక్క బరువు వేగాన్ని పట్టి ఉంచుతుంది.

పాలిటెక్నిక్, ఇంజినీరింగు విద్యార్థులు ఈ పాఠాన్ని చేత్తో నేర్చుకునే తీరు దాదాపు ఒకటే. పది కిలోఓముల చిన్న జాయ్‌స్టిక్, ఆర్డుయినో, ఎల్298ఎన్ అనే ఎర్ర బోర్డు, 12 వోల్టుల మోటారు తీసుకుంటారు. నడుమకు పైన వచ్చే అంకెలు ముందుకు, కింద వచ్చేవి వెనక్కి. ఎంత దూరం వంచారో దాన్నిబట్టి 0 నుంచి 255 దాకా వేగపు విలువ. ఎర్ర బోర్డులో నాలుగు స్విచ్చుల అమరిక ఉంటుంది. ఏటవాలుగా ఎదురెదురున్న ఒక జత మూస్తే మోటారు ఒక దిక్కుకు తిరుగుతుంది, రెండో జత మూస్తే రెండో దిక్కుకు. ఒకే పక్కనున్న రెండూ కలిసి మూసుకుంటే మాత్రం బ్యాటరీ నేరుగా షార్టవుతుంది.

ఇక్కడే రెండు సంగతులు బయటపడతాయి. విలువ మరీ తక్కువగా ఉంటే మోటారు గుయ్యిమంటుందే తప్ప తిరగదు. కదిలించడానికి కావాల్సిన తొలి బలం, తిరుగుతున్నప్పుడు కావాల్సిన దానికంటే ఎక్కువ. ఆగిపోయిన మోటారులోకి వెళ్లే కరెంటంతా వేడిగా మారి చుట్లను కాలుస్తుంది. కాబట్టి స్టిక్కు డెడ్ జోన్ దాటగానే విలువ ఒకటి నుంచి కాకుండా, మోటారు కచ్చితంగా తిరిగే విలువ నుంచే మొదలుపెట్టాలి. రెండోది, పూర్తి ముందుకు తిరుగుతున్న మోటారును స్టిక్కు ఒక్క ఊపుతో పూర్తి వెనక్కి లాగితే కరెంటు ఎగిసి బోర్డు పోతుంది. వేలు ఎంత తొందరపడినా వేగం మాత్రం మెట్లుమెట్లుగా మారేలా ప్రోగ్రాములో ఒక పగ్గం వేస్తారు. మనిషి చేతికీ యంత్రానికీ మధ్య మర్యాద నేర్పే పగ్గం ఇది. డ్రోను దాకా వెళ్లినా ఇది వదలదు.

ఆరు మోటార్లకు ఒక మాట

డ్రోనుకు వాడే మోటారులో బ్రష్షులు ఉండవు. తీగచుట్లు మధ్యలో స్థిరంగా ఉంటాయి. వాటి చుట్టూ అయస్కాంతాలున్న గిన్నెలాంటి పైభాగం తిరుగుతుంది. మూడు తీగల్లోకి వరుసగా కరెంటును మారుస్తూ ఉంటేనే అది తిరుగుతుంది. ఆ పని ఈఎస్‌సీ అనే చిన్న పెట్టెది. మూడింటిలో ఏ రెండు తీగలను తారుమారు చేసినా మోటారు వెనక్కి తిరుగుతుంది. కొత్త మోటారు బిగించాక మొదట చూడాల్సింది ఇదే. మోటారు మీద రాసిన కేవీ అంకె, లోడు లేనప్పుడు ఒక్కో వోల్టుకు నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతుందో చెబుతుంది. సుమారు 30 అంగుళాల రెక్కను తిప్పే పెద్ద మోటారుకు ఆ అంకె 100 దరిదాపుల్లోనే ఉంటుంది. చిన్న బొమ్మ డ్రోను మోటారుకు వేలల్లో ఉంటుంది. పెద్ద రెక్క నెమ్మదిగా తిరిగి ఎక్కువ గాలిని కిందికి తోయడమే బరువు మోయడానికి పొదుపైన దారి.

రిమోటు నుంచి వచ్చే ఆజ్ఞ సంప్రదాయంగా మైక్రోసెకన్లలో ఉంటుంది. 1000 అంటే స్టిక్కు అడుగున, 2000 అంటే కొసన, 1500 నడుమ. రిమోటు దాన్ని 2.4 గిగాహెర్ట్జ్ రేడియో తరంగాల మీద పంపుతుంది. ఆ అంకె నేరుగా ఏ మోటారుకూ పోదు. మధ్యలో ఫ్లైట్ కంట్రోలరు ఉంటుంది. యంత్రం ఎటు ఒరిగిందో, ఎంత వేగంగా తిరుగుతోందో అందులోని గైరోలు చెబుతుంటాయి. కంట్రోలరు సెకనుకు వందలసార్లు లెక్క వేసి ఆరు మోటార్లకు ఆరు వేరువేరు వేగాలు పంచుతుంది. వేలు చెప్పేది ఏం కావాలన్నది మాత్రమే. ఏ మోటారు ఎంత వేగంగా తిరిగితే అది జరుగుతుందో తేల్చేది కంట్రోలరు.

ఆరు మోటార్లలో మూడు సవ్యంగా, మూడు అపసవ్యంగా తిరుగుతాయి. ఒక రెక్క ఒక దిక్కుకు తిరిగితే దాని ఎదురుదెబ్బ చట్రాన్ని రెండో దిక్కుకు తిప్పాలని చూస్తుంది. చెరిసగం ఉంటే ఆ దెబ్బలు ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. మన దేశంలో ఎక్కువమంది వాడే మోడ్ 2 అమరికలో ఎడమ స్టిక్కు పైకీ కిందికీ జరిగితే ఎత్తు, పక్కలకు జరిగితే ముక్కు తిరగడం. ముక్కు తిప్పాలంటే ఒక మూడింటి వేగం పెరిగి మరో మూడింటి వేగం అంతే తగ్గుతుంది. మొత్తం బలం మారదు కాబట్టి ఎత్తు మారదు. కుడి స్టిక్కును ముందుకు తోస్తే వెనక మోటార్లు పుంజుకుని ముందువి తగ్గుతాయి. యంత్రం ముక్కు వంచి ముందుకు జారుతుంది. ఒక్క వేలు కదిలితే ఆరు మోటార్ల వేగమూ మారుతుంది.

రెక్క ఎత్తే బరువు వేగానికి వర్గంగా పెరుగుతుంది. కరెంటు అవసరం ఇంకా వేగంగా, ఘనంగా పెరుగుతుంది. నిండు ట్యాంకుతో పాతిక కిలోలున్న యంత్రం 10 లీటర్లు చల్లేశాక పదిహేను కిలోలవుతుంది. అంటే గాలిలో నిలబడటానికి మోటార్లు మొదటి వేగంలో ముప్పావు వంతుకు కొంచెం పైన తిరిగితే చాలు. కావాల్సిన శక్తి సగానికన్నా తక్కువ. అదే సమయంలో బ్యాటరీ దిగిపోతుంటుంది. 12 సెల్లుల లిథియం బ్యాటరీ నిండుగా 50.4 వోల్టులు, దింపదగిన హద్దు దగ్గర సుమారు 42. ఒకే ఆజ్ఞకు మొదట్లో వచ్చిన వేగం చివర్లో రాదు. మందు తగ్గుతూ బరువు తగ్గడం, వోల్టేజి తగ్గడం రెండూ కలిసి నడుస్తుంటే, మోటార్ల బలాన్ని, అంటే థ్రాటిల్‌ను, పూర్తిగా చేత్తో పట్టేవారు ప్రతి నిమిషం వేలిని కొంచెం సవరించుకుంటూ ఉండాలి. ఎత్తును పట్టి ఉంచే మోడులో కంట్రోలరే ఆ భారం మోస్తుంది. అప్పుడు ఎడమ స్టిక్కు నడుమ ఉంటే ఎత్తు మారకూడదని అర్థం, పైకి జరిపితే ఎంత వేగంగా ఎక్కాలో చెప్పినట్టు. అదే స్టిక్కు, అదే కదలిక. మోడు మారితే దాని అర్థం మారిపోతుంది. ఏ మోడులో ఉన్నారో చూసుకోకుండా స్టిక్కు తాకడమే కొత్తవారికి జరిగే చాలా ప్రమాదాలకు మూలం.

రెక్కల మోటార్లు కాక మందును తోసే పంపుకు ఇంకో మోటారు ఉంటుంది. దాని వేగం రిమోటు మీది డయలుతో పెంచవచ్చు, తగ్గించవచ్చు. డ్రోను ముందుకు సాగే వేగం పెరిగితే పంపు కూడా వేగం పెంచుకునేలా కొన్ని యంత్రాలు తామే సర్దుకుంటాయి. అలా సర్దుకోని యంత్రంలో కుడి స్టిక్కును ఎక్కువ వంచితే ఆ చోట మందు పలచబడుతుంది, గట్టు దగ్గర నిదానిస్తే రెట్టింపు పడి ఆకు మాడుతుంది. తిరిగే చక్రంతో తుంపర చేసే కొత్త నాజిళ్లకు సొంత మోటారు ఉంటుంది. చక్రం ఎంత వేగంగా తిరిగితే బొట్టు అంత సన్నగా వస్తుంది. సన్నని బొట్టు ఆకును బాగా కప్పుతుంది, గాలికి కూడా సులువుగా ఎగిరిపోతుంది. కాబట్టి మందు కొట్టే మనిషి చేతిలో ఉన్నది ఎగిరే వేగమే కాదు. ఎకరానికి ఎంత మందు, ఎంత బొట్టు అన్నవి కూడా మోటారు వేగాలే.

చేను, చెట్టు, చెరువు

పొలం నాలుగు మూలలనూ మ్యాపు మీద గుర్తిస్తే యంత్రమే వరసలు గీసుకుని మందు కొట్టి వస్తుంది. అలాంటప్పుడు జాయ్‌స్టిక్ ఎందుకు? స్టిక్కులతో పనిలేని ఎగురుడుకు రాష్ట్రంలోనే గొప్ప ఉదాహరణ ఉంది. 2024 అక్టోబరు 22న విజయవాడ పున్నమి ఘాట్ దగ్గర కృష్ణ మీద 5,500 డ్రోన్లు ఒకేసారి లేచి బొమ్మలు గీశాయి, గిన్నిస్ రికార్డులకెక్కాయి. ముందే రాసిపెట్టిన దారిలో కంప్యూటరు నడిపించింది. ఆకాశంలో అడ్డేమీ లేదు కాబట్టి అది కుదిరింది. దివిసీమ చేను వేరు. గట్ల మీద తాటిచెట్లు వరసగా ఉంటాయి. చేల మీదుగా కరెంటు తీగలు సాగుతాయి, బోరుకో చెరువుకో కట్టిన తీగలు మరీ కిందుగా వేలాడతాయి. కమతాలు చిన్నవి, వంకరటింకర. ఒకే పట్టీలో ఒకరు సాంబ మసూరి వేస్తే పక్కవారు వేరే రకం వేస్తారు. సన్నని తీగను చాలా సెన్సర్లు పట్టలేవు. చివరి రెండు వరసలూ, చెట్టు మొదలూ, వంపు తిరిగిన గట్టూ ఇవన్నీ చేత్తోనే కొట్టాల్సి వస్తుంది.

అన్నిటికంటే ముఖ్యం రొయ్యల చెరువులు. కోడూరు, నాగాయలంక వైపు వరి మడి గట్టు దాటగానే చెరువు ఉండటం మామూలు. వరి పురుగుకు వాడే సింథటిక్ పైరెత్రాయిడ్ల వంటి మందులు చేపకూ రొయ్యకూ అతి చిన్న మోతాదులోనే ప్రాణాంతకం. పొలంలో పురుగును చంపిన తుంపర గాలికి పది గజాలు పక్కకు పోతే, పక్కవారి పెట్టుబడి మొత్తం రాత్రికి రాత్రే తేలిపోవచ్చు. చెరువు గట్టు పక్కన కొంత మేర మందు కొట్టకుండా వదలాలి. పంపును ఎక్కడ ఆపాలో, యంత్రాన్ని ఎంత కిందికి దింపాలో అప్పటి గాలిని చూసి అక్కడే తేల్చుకోవాలి. ఆ నిర్ణయం తీసుకునేది గట్టు మీద నిలబడ్డ మనిషే.

ఒక్క ఎగురుడును దగ్గరగా చూస్తే ఈ సంగతి తెలుస్తుంది. సముద్రపు గాలి మధ్యాహ్నం నుంచి ఊపందుకుంటుంది కాబట్టి పని ఉదయమే మొదలవుతుంది. పైలట్ గాలి వచ్చే వైపు, తుంపర తన మీద పడని చోట నిలబడతాడు. గాలి పోయే వైపున్న గట్టు నుంచి మొదలుపెట్టి గాలి వచ్చే వైపుకు వరసలు తెస్తారు. అలా అయితే యంత్రం తాను చల్లిన మబ్బులోంచి తిరిగి రాదు. రెండు స్టిక్కులనూ లోపలికి, కిందికి లాగి కాసేపు పట్టుకుంటే మోటార్లు నెమ్మదిగా తిరగడం మొదలవుతాయి. అప్పటికీ యంత్రం నేల మీదే ఉంటుంది. ఆరు రెక్కలూ ఒకే తీరుగా తిరుగుతున్నాయా, ఏదైనా వణుకుతోందా అని ఈ సెకన్లలోనే చూసుకోవాలి. ఎడమ వేలు నడుమకు పైన జరగగానే గడ్డి చదునుగా పడుకుంటుంది, యంత్రం లేస్తుంది. పంట మీద రెండు మీటర్ల ఎత్తు, సెకనుకు నాలుగైదు మీటర్ల వేగం మామూలు. ఈ ఎత్తులో రెక్కల గాలి ఆకులను విడదీసి మందును మొదళ్లకు దింపుతుంది. సుడిదోమకు కావాల్సింది అదే. ఇంకా కిందికి దిగితే గింజ పట్టిన చేను ఆ గాలికే పడిపోతుంది. పైకి పోతే మందు పక్క చేనుకు పోతుంది. సాగే వేగం పెరిగితే గాలి తోపు వెనకబడి బొట్లు ఆకుల పైనే ఆగిపోతాయి.

అవతలి గట్టు చేరాక కొత్త పైలట్ యంత్రం ముక్కును తనవైపు తిప్పుతాడు. ఆ క్షణం నుంచి కుడి ఎడమలు తారుమారవుతాయి. కుడికి వంచితే యంత్రం పైలట్‌కు ఎడమ వైపు పోతుంది. అనుభవమున్నవారు ముక్కును ఎప్పుడూ అవతలి వైపే ఉంచి, వెనక్కి నడిపిస్తూ తిరిగి వస్తారు. నూరు మీటర్ల దూరంలో ఉన్న యంత్రం తాటిచెట్టుకు ఇవతల ఉందా, అవతల ఉందా అన్నది కంటికి అందదు. అందుకే ఆ కొసన ఒక సహాయకుడు నిలబడి చేయి ఎత్తి ఆపమని చెబుతాడు. పైలట్ వేళ్లు తీసేస్తే చాలు, యంత్రం బ్రేకు వేసినట్టు నిలబడుతుంది. ప్రమాదం కనిపించినప్పుడు ఏదో ఒకటి చేయాలన్న తొందరను అణచుకుని వేళ్లు తీసేయడమే శిక్షణలో నేర్పే కష్టమైన పాఠం. సిగ్నలు తెగిపోతే ఏం చేయాలన్నది కూడా ముందే చెప్పి ఉంచాలి. ఉన్నచోట దిగమంటే అది చెరువులో దిగవచ్చు. తిరిగి వచ్చేయమంటే దారిలో ఉన్న అన్నిటికన్నా ఎత్తైన చెట్టుకు పైగా రావాలని ఎత్తు కూడా చెప్పాలి.

స్టిక్కు పట్టేవారు

2021 ఆగస్టులో వచ్చిన డ్రోన్ రూల్స్ ప్రకారం 2 కిలోలకు పైన 25 కిలోల దాకా ఉన్నవి చిన్న డ్రోన్లు. పది లీటర్ల స్ప్రే డ్రోన్లు ఎక్కువగా ఈ తరగతిలోకే వస్తాయి. వాటిని ఎగరేయాలంటే రిమోట్ పైలట్ సర్టిఫికెట్ ఉండాలి. అందుకు 18 నుంచి 65 ఏళ్ల లోపు వయసు, పదో తరగతి పాసై ఉండటం, గుర్తింపు పొందిన సంస్థలో శిక్షణ కావాలి. సర్టిఫికెట్ పదేళ్లు చెల్లుతుంది. పురుగుమందు చల్లడానికి పాటించాల్సిన పద్ధతులను కేంద్ర వ్యవసాయ శాఖ అదే ఏడాది డిసెంబరులో విడిగా ప్రకటించింది. గుంటూరు లాంలోని ఆచార్య ఎన్.జి.రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం డ్రోన్ పైలట్ శిక్షణ ఇస్తోంది. దివిసీమకు దగ్గరలో ఘంటసాల కృషి విజ్ఞాన కేంద్రం ఉంది. పంటను, పురుగును, మందు మోతాదును తెలుసుకోవడానికి రైతుకు అందుబాటులో ఉన్న చోటు అది.

2023 నవంబరులో కేంద్రం 1,261 కోట్ల రూపాయలతో ఆమోదించిన నమో డ్రోన్ దీదీ పథకం సుమారు 15 వేల స్వయం సహాయక సంఘాలకు డ్రోన్లు ఇవ్వాలని పెట్టుకుంది. ధరలో 80 శాతం, గరిష్ఠంగా 8 లక్షల రూపాయలు సాయం. సంఘం నుంచి ఒక మహిళకు పదిహేను రోజుల శిక్షణ. అందులో ఐదు రోజులు ఎగరేయడం, మిగిలినవి మందులూ ఎరువులూ చల్లే పని. నాట్లు, కలుపు పనుల్లో తరతరాలుగా వంగి పనిచేసిన ఆడవాళ్లు గట్టు మీద నిలబడి యంత్రాన్ని నడపడం ఎంతో మంచి మార్పు. కానీ ఐదు రోజుల్లో వేళ్లకు వచ్చేది పరిచయమే. చేత్తో నడిపే మోడులో ఎగరేసే అలవాటు ఆ తరువాతి నెలల్లో, కంప్యూటరు సిమ్యులేటరు మీదా ఖాళీ చేలల్లో నీళ్ల ట్యాంకుతోనూ పడాలి. పథకాలు యంత్రం ధర మీద పెట్టినంత శ్రద్ధ ఈ సాధన మీద కూడా పెట్టాలి. ఆ సాధన పొలానికే కాదు, ఆపదకూ పనికొస్తుంది. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు ముంచెత్తినప్పుడు విజయవాడలో నీట మునిగిన ఇళ్లకు డ్రోన్లతో ఆహారం, నీళ్లు అందించారు. అదే వరదలో ప్రకాశం బ్యారేజీ నుంచి 11 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు దిగి లంక గ్రామాలను ముంచింది. పడవ వెళ్లలేని చోటుకు ఒక పొట్లం చేర్చాలన్నా ఇదే బరువు లెక్క, ఇదే వేలి అలవాటు అవసరం. తుపాన్లూ వరదలూ తప్పని సీమలో అలాంటి వేళ్లు ఊరూరా ఉండటం పంటకు మించిన అవసరం.

పని అయ్యాక యంత్రాన్ని దింపే తీరు కూడా స్టిక్కుదే. నేలకు మీటరు ఎత్తులో రెక్కల గాలి నేలను తాకి వెనక్కి తోస్తుంది కాబట్టి యంత్రం తేలుతున్నట్టు అవుతుంది. అక్కడ తొందరపడకుండా ఎడమ స్టిక్కును నిదానంగా కిందికి తెచ్చి, కాళ్లు ఆనాక మోటార్లు ఆగేదాకా అడుగునే పట్టి ఉంచాలి. రెక్కలు పూర్తిగా నిలిచాకే దగ్గరికి వెళ్లాలి. ట్యాంకును, నాజిళ్లను మంచినీళ్లతో కడిగి, ఆ నీళ్లను కాలువలోనో చెరువులోనో కాకుండా కొట్టిన చేలోనే పోయాలి. మోటారు గిన్నెల్లో చేరిన మందు, ఉప్పు తేమ బేరింగులను తింటాయి కాబట్టి తడిగుడ్డతో తుడిచి ఆరబెట్టాలి. బ్యాటరీలను నిండుగానూ, ఖాళీగానూ కాకుండా సగం ఛార్జితో నిల్వ చేయాలి. సీజను మొదట్లో రిమోటు తెరమీద నాలుగు అంకెలూ చూడాలి. వేళ్లు తీశాక నాలుగూ 1500 దగ్గర నిలకడగా ఉన్నాయా, కొసలకు జరిపితే 1000, 2000 అందుకుంటున్నాయా, నడుమ ఎక్కడైనా గెంతుతున్నాయా అని గమనించాలి. గెంతుతుంటే స్టిక్కు కింది భాగాన్ని మార్చి, మళ్లీ క్యాలిబ్రేట్ చేసి, రెక్కలు విప్పి మోటార్లను తిప్పి చూసుకున్నాకే ట్యాంకులో మందు పోయాలి.